బడి గంటకు ముందు రెండు గంటలు

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. ఆ రోజు నుంచి పసిపిల్లలున్న ఇళ్లలో పొద్దున్నే ఒక హంగామా మొదలవుతుంది. ఒకరికి సాక్సు ఒకటే దొరుకుతుంది. ఇంకొకరి హోంవర్కు నోటుబుక్కు మంచం కింద ఎక్కడో ఉంటుంది. పొయ్యి మీద పాలు పొంగుతుంటాయి. సందు మొగలో ఆటో భాయ్ హారన్ మోగిస్తుంటాడు. అమ్మీ ఒక పిల్లకు జడ వేయడం ముగించకుండానే ఇంకో పిల్లాడి నోట్లో పరాటా ముక్క కుక్కుతూ, ఆపకుండా తిడుతూ ఉంటుంది. అప్పుడే లేచిన అబ్బా "ఏమిటీ గోల?" అని తన వంతుగా ఒక కేక జతచేస్తాడు. పిల్లవాడు ఏడుస్తూ ఆటో ఎక్కుతాడు. ఆటో మలుపు తిరగగానే అమ్మీ గడప మీద కూలబడి "యా అల్లాహ్" అని నిట్టూరుస్తుంది.

ఇక్కడితో ఆ కథ అయిపోయిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. కానీ అది మా దగ్గరికి, అంటే తరగతి గదిలోకి వస్తుంది. పాతికేళ్లకు పైగా చిన్న తరగతుల పిల్లల మధ్య గడిపిన వాళ్లం గనుక మేము ఈ మాట ధైర్యంగా చెప్పగలం. మొదటి పీరియడులో పిల్లవాడి ముఖం చూస్తే ఆ పొద్దున ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలిసిపోతుంది. తిట్లు తిని వచ్చిన పిల్లవాడు పలక తీయడు. ఆకలితో వచ్చినవాడు పదిన్నరకే గోడకు ఆనుకుంటాడు. నిద్ర చాలనివాడు కారణం లేకుండా పక్కవాడిని గిల్లుతాడు. ఒకటో తరగతిలో అక్షరాలు రాకపోవడానికి తెలివి తక్కువ కావడమే కారణమని తల్లిదండ్రులు బెంగపెట్టుకున్న పిల్లల్లో, అసలు కొరత తెలివిలో కాక నిద్రలో ఉన్నవాళ్లను మేము చాలామందిని చూశాం.

ఈ పొద్దుటి బాధకు మందు పొద్దున దొరకదు. దానిని ముందురోజు రాత్రి వెతకాలి. అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా రాత్రి గురించే చెప్పవలసి వస్తోంది. పాఠకులు అన్యథా భావించవద్దు.

లెక్క చాలా సులభం. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర అవసరమని, ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు అవసరమని అమెరికాలోని నిద్రవైద్య నిపుణుల సంఘం 2016లో ప్రకటించింది. ఆరేళ్ల పాప ఆరింటికి లేవాలంటే రాత్రి తొమ్మిదికి కళ్లు మూతపడి ఉండాలి. తొమ్మిదికి మంచమెక్కడం కాదు, తొమ్మిదికి నిద్రపోయి ఉండాలి. అదైనా కనీసపు లెక్కే. నర్సరీ పిల్లవాడికైతే ఎనిమిదిన్నరకే దీపం ఆర్పాలి. ఇప్పుడు మన ఇళ్లలో దీపం ఏ వేళకు ఆరుతోందో ఎవరికి వారే చూసుకోండి.

దైవప్రవక్త (స) ఇషాకు ముందు నిద్రపోవడాన్ని, ఇషా తర్వాత కబుర్లతో కాలక్షేపం చేయడాన్ని ఇష్టపడేవారు కాదని బుఖారీలో ఉంది. ఖుర్ఆన్‌లోని నూర్ సూరాలో ఇంట్లోని పిల్లలు పెద్దల గదిలోకి అనుమతి తీసుకొని రావలసిన మూడు వేళలు చెప్పబడ్డాయి. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం నడుము వాల్చే సమయం, ఇషా తర్వాత. మదరసాలో ఈ ఆయత్ చదువుకున్నప్పుడు దీనిని మర్యాదల పాఠంగానే నేర్చుకున్నాం. అది నిజమే. అయితే ఆ మాటల్లో ఒక ఇంటి దినచర్య కూడా కనిపిస్తుంది. ఇషా అయ్యాక ఇల్లు సద్దుమణిగిందన్నది అందులో ముందే అనుకున్న విషయం. ఇప్పుడు మన బస్తీల్లో ఇషా అయ్యాకే ఇల్లు మేలుకుంటోంది. టీవీ ఒక గదిలో, సెల్ ఫోన్లు మిగతా అన్ని గదుల్లో. చీకటి పడేటప్పుడు పిల్లల్ని బయట తిరగనివ్వకుండా ఇంట్లో ఉంచుకోమన్న హదీసు ఉంది. మన పిల్లలు రాత్రి పదింటికి హోటలు ముందు నిలబడి ఛాయ్ తాగే పెద్దన్నల మధ్య ఆడుకుంటూ కనిపిస్తారు.

జూన్‌లో ఇంకో చిక్కు ఉంది. మన ప్రాంతంలో అప్పుడు ఇషా అజాన్ ఎనిమిది దాటాక వినిపిస్తుంది. అబ్బా జమాఅత్‌కు వెళ్లి వచ్చాక అందరూ కలిసి దస్తర్‌ఖాన్ మీద కూర్చోవాలంటే తొమ్మిదవుతుంది. కలిసి తినడంలో బర్కత్ ఉంది, కాదనం. కానీ నాలుగేళ్ల పిల్లకు మగ్రిబ్ తర్వాత ఏడున్నరకే అన్నం పెట్టేయడం మంచిది. కలిసి తినే ముచ్చటను ఆదివారానికి, శుక్రవారం రాత్రికి పెట్టుకోవచ్చు.

గల్ఫ్ ఫోను, షాదీ విందు

మన ఇళ్లకు ప్రత్యేకమైన కారణాలు రెండున్నాయి. పత్రికల్లో పిల్లల పెంపకం గురించి రాసేవారు వీటి జోలికి రారు గనుక మేము కాస్త విడమరచి చెప్తాం.

మొదటిది గల్ఫ్. కడప, గోదావరి జిల్లాల నుంచి, నిజామాబాద్, కరీంనగర్ నుంచి, హైదరాబాద్ పాతబస్తీ నుంచి ఎందరో తండ్రులు అక్కడ పనిచేస్తున్నారు. సౌదీ, కువైట్, ఖతర్‌లలో గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. దుబాయి, ఒమాన్‌లలో గంటన్నర వెనుక. రియాద్‌లో పని ముగించుకొని, వండుకొని, తిని, తొమ్మిదింటికి ఆయన ఫోను చేస్తే ఇక్కడ పదకొండున్నర. అబ్బా ముఖం చూడాలని పిల్లలు అప్పటిదాకా కళ్లు నులుముకుంటూ కూర్చుంటారు. నిద్రపోతే తల్లి లేపుతుంది. ఎలా లేపకుండా ఉంటుంది? ఒకప్పుడు క్యాసెట్టులో మాటలు రికార్డు చేసి, వచ్చేవారి చేతికిచ్చి పంపుకునే రోజులు మాకు తెలుసు. అప్పుడు నెలకో రెండు నెలలకో ఒకసారి గొంతు వినిపించేది. ఇప్పుడు ప్రతి రాత్రీ ముఖం కనిపిస్తోంది. ఇది దేవుడిచ్చిన వరమే. దాన్ని ఆపమని ఎవరూ చెప్పరు, చెప్పకూడదు.

వేళ మాత్రం మార్చుకోవచ్చు. మాకు తెలిసిన ఒక ఇంట్లో మార్చుకున్నారు. పిల్లవాడు రెండో తరగతి, పాప యూకేజీ. వారంలో మూడు నాలుగు రోజులు బడికి ఆలస్యం. తరగతి టీచరు తల్లిని పిలిపిస్తే ఆమె ఫోను సంగతి చెప్పి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె భర్త దమ్మామ్‌లో ఉంటాడు. ఆయనతో మాట్లాడి, పని చోటు నుంచి గదికి బస్సులో వచ్చేటప్పుడే ఫోను చేసేలా ఏర్పాటు చేసుకున్నారు. అక్కడ సాయంత్రం ఐదున్నర, ఇక్కడ ఎనిమిది. పిల్లలు అన్నం తింటూ తండ్రితో మాట్లాడతారు. ఆ రోజు రాసిన పేజీ ఫోనుకు ఎదురుగా పట్టి చూపిస్తారు. ఎనిమిదిన్నరకు "ఇక పడుకోండి" అని చెప్పేది కూడా ఆయనే. దూరాన ఉన్న తండ్రి మాటకు ఇంట్లో ఉన్న తల్లి మాట కంటే బరువెక్కువ! భార్యాభర్తలు తమ మాటలు తర్వాత తీరిగ్గా మాట్లాడుకుంటారు. శుక్రవారం అక్కడ సెలవు గనుక జుమా నమాజు, భోజనం అయ్యాక, ఇక్కడ పిల్లలు బడి నుంచి వచ్చాక, ఎంతసేపైనా సరే. రాత్రి షిఫ్టులో పనిచేసేవారికి, ఇళ్లలో డ్రైవర్లుగా ఉండేవారికి ఈ వేళ కుదరకపోవచ్చు. అలాంటివారు పొద్దున్నే మాటలు రికార్డు చేసి పంపితే, పిల్లలు ముఖం కడుక్కుంటూ వింటారు. క్యాసెట్టు కాలం మళ్లీ వచ్చినట్లే.

రెండోది షాదీలు. ఈ విషయంలో మేము మొహమాటపడదలచుకోలేదు. రుఖా మీద రాసిన వేళ ఒకటి, దుల్హా వచ్చే వేళ ఒకటి. హైదరాబాద్ ఫంక్షన్ హాళ్లలో పదకొండింటికి నిఖా, పన్నెండు దాటాక విందు మామూలైపోయింది. ఈ జాడ్యం ఇప్పుడు జిల్లా కేంద్రాలకూ పాకింది. కుర్చీల మీద నిద్రపోతున్న పిల్లల్ని తట్టి లేపి బిర్యానీ తినిపించడం చూస్తే జాలేస్తుంది. షాదీ రోజుల్లో ఒక బస్తీ బడిలో హాజరుపట్టీ తీసి చూడండి, మరుసటి రోజు ఎన్ని ఖాళీలుంటాయో. వలీమా ఆ తర్వాతి రోజే గనుక ఇంకో ఖాళీ. సాంచఖ్, మెహందీలు ఉంటే వారమంతా అంతే. సలాం చెప్పి, కవరిచ్చి, పిల్లల్ని దాదీ దగ్గర వదిలి పెద్దలు మాత్రమే వెళ్లడంలో ఏ బంధుత్వమూ చెడదు. ఇంకా మంచి మార్గం, విందు పెట్టేవాళ్లే పిల్లలకు ఎనిమిదింటికి ఒక దస్తర్‌ఖాన్ వేయడం. జుహర్ తర్వాత మసీదులో నిఖా చేసి మధ్యాహ్నమే భోజనాలు ముగించే కుటుంబాలు కూడా ఉన్నాయి. వాళ్ల ఖర్చు తగ్గుతోంది, పిల్లల చదువూ నిలుస్తోంది. అలాంటివారిని "పిసినారులు" అని వెక్కిరించడం మానుకుంటే మిగతావారికీ ధైర్యం వస్తుంది.

రాత్రి పావుగంట

ఇక ఇంటిపని. ఇషాకు ముందు ఒక పావుగంట రేపటి బడికి కేటాయించాలి. టైంటేబుల్ చూసి సంచి సర్దడం, యూనిఫారం ఇస్త్రీ చేసి కొక్కానికి తగిలించడం, బూట్లలో సాక్సులు పెట్టి గుమ్మం దగ్గర ఉంచడం, నీళ్ల సీసా కడిగి బోర్లించడం, డైరీలో సంతకం. పొద్దున కరెంటు పోతే ఇస్త్రీ లేదని తెలిసి కూడా పొద్దునకే వాయిదా వేస్తారు, ఎందుకో! సంచి సర్దేటప్పుడు బరువు కూడా చూడండి. 2020లో కేంద్రం తెచ్చిన స్కూలు బ్యాగు విధానం ప్రకారం సంచి బరువు పిల్లవాడి బరువులో పదో వంతు మించకూడదు. అంటే ఇరవై కిలోల పిల్లవాడికి రెండు కిలోలు. నర్సరీ, కేజీ పిల్లలకు అసలు సంచే ఉండకూడదు. అవసరం లేని పుస్తకాలన్నీ మోసుకెళ్లడానికి సగం కారణం రాత్రి టైంటేబుల్ చూడకపోవడమే.

ఈ పావుగంటలో పిల్లలు కూడా చేతులు కలపాలి. ఐదేళ్ల పిల్ల బూట్లు తెచ్చి పెట్టగలదు. ఏడేళ్లవాడు సంచి తానే సర్దగలడు. వంకరగా సర్దుతాడు, సర్దనివ్వండి. అబ్బాకు కూడా ఇందులో పని ఉంది. ఇంట్లో దైవప్రవక్త (స) ఏం చేసేవారని హజ్రత్ ఆయిషా (రజి)ను అడిగితే, ఇంటివారి పనుల్లో సాయపడేవారని, నమాజు వేళ కాగానే లేచి వెళ్లేవారని ఆమె చెప్పారు. ఈ హదీసు బయానుల్లో వింటాం, "సుబ్హానల్లాహ్" అంటాం, ఇంటికి వచ్చి కాళ్లు చాపి పేపరు తీస్తాం. పిల్లల బూట్లకు పాలిష్ వేయడం తండ్రి పనిగా పెట్టుకున్న ఇళ్లలో పొద్దున కేకలు సగం తగ్గడం మేము గమనించాం. బీడీలు చుట్టే తల్లులు, గాజులకు రాళ్లు అంటించే తల్లులు, రాత్రి పొద్దుపోయేదాకా కుట్టుమిషను మీద వంగే తల్లులు మనలో ఎందరో ఉన్నారు. వారిని పొద్దున్నే ఐదింటికి లేచి అన్నీ ఒక్కరే చేయమనడం ఏ న్యాయం?

సెల్ ఫోను గురించి ఒక్క మాటతో సరిపెడతాం. పడుకోవడానికి గంట ముందు పిల్లల చేతి నుంచి తీసేయాలి. ఆ గంటలో నానీ కథ చెప్పవచ్చు. యూసుఫ్ (అలై) కథ, యూనుస్ (అలై) కథ, సులైమాన్ (అలై), చీమల కథ. ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకు విసుగు రాదు. నిద్ర మాత్రం వస్తుంది.

తెల్లవారాక

జనవరి నడుమ హైదరాబాద్‌లో సూర్యుడు ఆరూ యాభై ప్రాంతంలో ఉదయిస్తే, జూన్ మొదట్లో ఐదూ నలభైకే ఉదయిస్తాడు. ఫజ్ర్ వేళ జనవరిలో ఐదున్నర ప్రాంతంలోనూ, జూన్‌లో నాలుగున్నర లోపే మొదలవుతుంది. పెద్దలు ఈ మార్పును అనుసరిస్తారు. బడి గంట మాత్రం మారదు. అందుచేత చిన్నపిల్లల్ని ఏడాది పొడవునా ఒకే వేళకు లేపడం మేలు. నమాజు చెప్పవలసిన వయసు ఏడేళ్లని హదీసులో ఉంది. అంతకంటే చిన్నవాళ్లను జూన్‌లో నాలుగున్నరకు లేపి కూర్చోబెట్టనవసరం లేదు. ఏడు దాటినవాళ్లను లేపేవారు, వారు పడుకునే వేళను కూడా ముందుకు జరపాలి, మధ్యాహ్నం ఖైలూలా అలవాటు చేయాలి. సెలవు రోజుల్లో కూడా లేచే వేళలో పెద్ద తేడా రానివ్వకండి. ఆదివారం పదింటిదాకా పడుకున్న పిల్లవాడికి సోమవారం పొద్దున నరకమే.

ఉదయపు వేళల్లో తన సముదాయానికి బర్కత్ ప్రసాదించమని దైవప్రవక్త (స) దుఆ చేశారు. ఆ హదీసును ఉల్లేఖించిన హజ్రత్ సఖ్ర్ (రజి) వర్తకులు. తన సరుకును పొద్దున్నే పంపేవారు, బాగా గడించారు కూడా. దీన్ని పిల్లలకు ఉపన్యాసంగా చెప్పకండి. నిద్రమత్తులో ఉన్న ఐదేళ్ల పాప చెవిలో బర్కత్ గురించి ప్రసంగం ఎక్కదు. ఆమెకు కావలసింది కిటికీ తెరవడం, నుదుటి మీద ఒక చేయి, పేరు పెట్టి మెల్లగా పిలవడం, లేవడానికి ఐదు నిమిషాల వెసులుబాటు.

లేచాక ఏది తర్వాత ఏది అన్న వరుస ఏ రోజూ మారకూడదు. "ఇంకా పది నిమిషాలే ఉంది" అంటే ఐదేళ్లవాళ్లకు అర్థం కాదు. వాళ్లకు గడియారం తెలియదు, వరుస తెలుసు. దొడ్డికి, పళ్లు తోముకోవడం, స్నానం, బట్టలు, నాస్తా, బూట్లు. ఒక అట్టముక్క మీద చెంబు, బ్రష్షు, చొక్కా, పళ్లెం, బూటు బొమ్మలు వరుసగా గీసి గోడకు అంటించమని మేము తల్లులకు చెప్తుంటాం. ప్రాణుల బొమ్మలు కావు గనుక ఏ ఇంట్లోనూ అభ్యంతరం రాలేదు! "స్నానం అయిందా, బట్టలేసుకున్నావా" అని పదిసార్లు అరిచే బదులు "తర్వాత ఏ బొమ్మ?" అని ఒక్కసారి అడిగితే పిల్లవాడే వెళ్లి చూసుకుంటాడు. వారం పది రోజులు పడుతుంది. ఆ పది రోజులూ ఓపిక పట్టలేక చాలామంది మధ్యలో వదిలేస్తారు.

మసీదులో ఖాయిదా చదువుకు వెళ్లే పిల్లలకు పొద్దు ఇంకా ఇరుకు. ఆరున్నర నుంచి ఏడున్నర దాకా అక్కడ, ఎనిమిదిన్నరకు బడి. మధ్యలో గంటలోనే స్నానం, నాస్తా, ప్రయాణం. అలాంటివారు స్నానం చేసి యూనిఫారం మీదే మక్తబ్‌కు వెళ్లడం కొంత మేలు. కడుపులో ఒక అరటిపండో, నాలుగు ఖర్జూరాలో పడి ఉండాలి. ఖాళీ కడుపుతో ఊగుతూ చదివే పిల్లవాడికి పాఠం పట్టదు. చాలాచోట్ల సాయంత్రం అసర్ తర్వాత కూడా మక్తబ్ ఉంటుంది. ఆరేడేళ్ల లోపువారిని అక్కడ చేర్పిస్తే ఏ లోటూ రాదు. హాఫిజ్ సాహెబులను మర్యాదగా అడిగితే వేళ సర్దుతారు.

నాస్తా దగ్గరికి వచ్చాం. మన ఇళ్లలో పిల్లల నాస్తా అంటే ఛాయ్‌లో ముంచిన బిస్కెట్టు, లేదా ఛాయ్‌లో ముంచిన బన్ను. తాగితే నిద్ర వదులుతుందని రెండేళ్ల పిల్లకు కూడా సాసరులో పోసి ఇస్తారు. తేనీటిలోని పదార్థాలు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత ఛాయ్, కాఫీలు వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో చెప్పింది. పెద్దలకే ఆ మాట అంటే పసివాళ్ల సంగతి చెప్పాలా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో దేశం మొత్తం మీద ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ప్రతి ముగ్గురిలో ఇద్దరు. పాలిపోయిన పిల్లవాడు తరగతిలో మందంగా కనిపిస్తాడు, మందబుద్ధి అని పేరు తెచ్చుకుంటాడు. ఖిచిడీ, ఉడికించిన గుడ్డు, ఉప్మా, రాగి జావ, రొట్టెతో రాత్రి మిగిలిన పప్పు ఏదైనా ఛాయ్ బిస్కెట్టు కంటే వెయ్యి రెట్లు నయం. సోమవారం ఇది, మంగళవారం అది అని ముందే అనుకుంటే "ఏం చేయను" అన్న ఆలోచనకే అరగంట పోదు.

నాస్తా తర్వాత పదిహేను ఇరవై నిమిషాలకు చాలామంది పిల్లలకు కడుపు కదులుతుంది. ఆ వేళకు ఆటోలో ఉంటే బడి మరుగుదొడ్డికి భయపడి సాయంత్రం దాకా బిగబట్టుకుంటారు. నాస్తా ముందుకు జరపమనడానికి ఇదొక కారణం. తల్లులకు ఇది చెప్తే నవ్వుతారు గాని, కడుపునొప్పి అని ఏడ్చే పిల్లల్లో కొందరి బాధ ఇదే.

అందరిదీ ఇదే కాదు. ఆదివారం ఉత్సాహంగా ఉండి, సోమవారం పొద్దున మాత్రం కడుపునొప్పి, తలనొప్పి అనే పిల్లవాడిని "నాటకాలు" అని కొట్టకండి. సాయంత్రం ఒళ్లో కూర్చోబెట్టుకొని అడగండి. ఆటోలో పెద్దపిల్లలు ఏడిపిస్తుండవచ్చు. బల్లపై అద్దం చూపించి చదవమంటే కనిపించకపోవచ్చు. లేదా టీచరు బెత్తం ఊపుతుండవచ్చు. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను బడిలో శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ నిషేధించింది. ఆలస్యంగా వచ్చిన ఆరేళ్ల పిల్లను గేటు బయట ఎండలో నిలబెట్టడం ఆ రెండింటిలోకీ వస్తుంది. పిల్ల తానుగా ఆలస్యం కాదు, ఆమెను ఇల్లు ఆలస్యం చేస్తుంది. ఈ మాట మా తోటి ఉపాధ్యాయులకు కూడా వినిపించాలని ఇక్కడ రాస్తున్నాం.

నోటి మాట

అన్నిటికంటే ముఖ్యమైనది చివరికి మిగిలింది. ఒకటో తరగతిలో చేరిన ఒక పిల్లవాడిని పేరు అడిగితే చెప్పాడు. ఇంట్లో ఏమని పిలుస్తారని అడిగితే, "మన్‌హూస్" అన్నాడు. అతని ముఖంలో బాధగాని, కొంటెతనంగాని లేవు. బాబూ, చిన్నూ అన్నట్లే అది కూడా ఒక ముద్దుపేరని అనుకున్నాడు. కనుక్కుంటే తేలిందేమంటే, ఆ తల్లి చెడ్డ మనిషి కాదు. ముగ్గురు పిల్లలు, మంచాన పడిన అత్త, ఒకటే స్నానాల గది. రోజంతా వాడిని బేటా అనే పిలుస్తుంది. పొద్దున ఆ గంటన్నర మాత్రం నోటికి ఆ మాట వస్తుంది. వాడికి గుర్తున్నది ఆ గంటన్నరే.

హజ్రత్ అనస్ (రజి) సుమారు పదేళ్ల వయసులో దైవప్రవక్త (స) సేవలో చేరారు. పదేళ్లు సేవ చేశారు. ఆ పదేళ్లలో ఆయన తనను ఒక్కసారి కూడా విసుక్కోలేదని, ఇది ఎందుకు చేశావనిగాని, అది ఎందుకు చేయలేదనిగాని అడగలేదని తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. చిన్న పిల్లవాడు, పనులు మరిచిపోయే వయసు. బయటికి పంపితే ఆటలో పడిపోయిన సందర్భం కూడా హదీసులో ఉంది. అయినా విసుగు లేదు. మనం పదేళ్ల సంగతి పక్కనపెట్టి, రోజుకు ఆ గంటన్నర ప్రయత్నిద్దాం. కామ్‌చోర్, గధా, మన్‌హూస్ అన్న మాటలు ఆ వేళ నోట్లోకి రాగానే మింగేయాలి. చేయవలసిన పని పేరు మాత్రం చెప్పాలి. "బూట్లు." అంతే. అరుపు కంటే పొట్టి మాట త్వరగా పనిచేస్తుంది. ఆటో ఎక్కేటప్పుడు "అల్లాహ్ హాఫిజ్" అని తల నిమిరితే అర నిమిషం పడుతుంది. ఆలస్యమైన రోజున కూడా ఆ అర నిమిషం కోయకండి. సంగతి ఏదైనా ఉంటే సాయంత్రం మాట్లాడుకోవచ్చు.

పై కుటుంబంలో ఏం మారిందని అడిగేవారుంటారు. దాదీకి వేడినీళ్లు, మందులు చూసే పని అబ్బా తీసుకున్నాడు. పెద్దపాప స్నానం రాత్రికి మారింది. తల్లికి దాదాపు అరగంట మిగిలింది. కోపం ఎక్కువగా వచ్చేది ఆ అరగంట లేకనే. ఉపదేశాలతో కోపం తగ్గలేదు, చోటు దొరికితే తగ్గింది.

రంజాన్ నెలలో, ఒంటిపూట బడుల్లో ఈ వరుస అంతా కదిలిపోతుంది. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, ఈ కొన్నేళ్లుగా బడులు నడిచే నెలల్లోనే వస్తోంది. సహరీకి తామూ లేస్తామని చిన్నపిల్లలు మారాం చేస్తారు. మరునాడు సెలవున్న రాత్రి లేపండి, వారి సరదా తీరుతుంది. మిగతా రోజుల్లో వారి నిద్ర చెడకుండా సహరీ గిన్నెల చప్పుడు వేరే గదిలో ఉండేలా చూసుకోండి. తరావీహ్‌కు తీసుకెళ్లేవారు మొదటి కొన్ని రకాతుల తర్వాత ఇంటికి పంపే ఏర్పాటు చేసుకోవచ్చు. మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలైతే ఎనిమిదికి ముందే గేటు దగ్గర ఉండాలి. ఆ మార్పు ఒక్క రోజులో సాధ్యం కాదు. వారం ముందు నుంచే పడుకునే వేళ, లేచే వేళ రోజుకు పది నిమిషాల చొప్పున ముందుకు జరుపుకుంటూ వస్తే, ఆ తేదీ వచ్చేసరికి పిల్లలు తమంతట తామే కళ్లు తెరుస్తారు.